తార్నాక రికార్డుల ఇంటికి ఎవరి పేరు పెట్టాలె?

సీతాఫల్‌మండి శ్రీను · సోమవారం రాత్రి 9:40

అందరికి నమస్తే. పోస్టు కొంచెం పొడుగు, చాయ్ పక్కకు పెట్టుకొని చదవండి.

మా ముత్తాతకు నల్లగొండ దిక్కు ఇనాం భూమి ఉండెనని చిన్నప్పటి సంది వింటున్న. పెండ్లిళ్లల్ల, దినాలల్ల ఎవరో ఒకరు ఆ ముచ్చట తీస్తరు. వాళ్లు చెప్తుంటే సగం జిల్లా మాదే అనిపిస్తది. కాయితం చూపియ్యమంటే మాత్రం ఎవరి దగ్గరా లేదు. మొన్న నానమ్మ పెట్టె సర్దుతుంటే చేతెడు చీటీ ఒకటి దొరికింది. ఉర్దూల ఒక నంబరు, కింద ఒక సంవత్సరం. మా గల్లీల టైలర్ చాచాతోని చదివిస్తే 1301 అన్నడు. అది పట్టుకొని ఇయ్యాల లీవు పెట్టి తార్నాకల స్టేట్ ఆర్కైవ్స్‌కు పోయిన.

పని కాలే. 1301 అంటే మన లెక్కల 1884 అని ఫోన్‌ల చూసుకొని పోయిన గని, ఆ ఏడాదివి ఎన్ని తిరగేయించినా మా ఊరి పేరు తగల్లే. అది వేరే కత.

బయటికొచ్చి చెట్టు కింద నిలవడి బోర్డు చూసిన. రాష్ట్రం పేరు, డిపార్ట్‌మెంట్ పేరు. ఇంకేం లేదు. మన పట్నంల ఫ్లైఓవర్ కింద నాలుగు కుండీలు పెట్టినా ఒక నాయకుని పేరు పెడతరు గదా. బూర్గుల రామకృష్ణారావు పేరు మీద ఒక భవన్ ఉన్నది, ఆఫీసర్లకు ట్రైనింగ్ ఇచ్చే చోటుకు మర్రి చెన్నారెడ్డి పేరున్నది, ఖైరతాబాద్‌ల ఇంజనీర్ల బిల్డింగుకు విశ్వేశ్వరయ్య పేరున్నది. బహమనీల ఫర్మానా కాంచి నిజాం కాలం ఫైళ్ల దాకా దాచిన ఇంటికి మాత్రం ఎవరూ దొరకలేనట్టున్నది.

రాత్రి ఫీనిక్స్‌ల ఉండే మా అక్క కొడుకుతోని ఈ మాటే అంటే వాడు ఇంకో ముచ్చట చెప్పిండు. వాణ్ణే ఇక్కడ రాయమన్న. సర్కారు కొలువు చేసినోళ్లల్ల మీరైతే ఎవరి పేరు పెడతరు?

ఫీనిక్స్ మేనల్లుడు · సోమవారం రాత్రి 10:25

మామ ఆర్డర్ వేశాడు కాబట్టి రాస్తున్నా.

ఇక్కడ అరిజోనా రాష్ట్ర రికార్డులుండే భవనానికి పాలీ రోజెన్‌బామ్ అని పేరు. మొదటిసారి బోర్డు చూసినప్పుడు డబ్బులిచ్చిన సేటు భార్య పేరేమో అనుకున్నా. కాదు, ఆవిడ ఒక పంతులమ్మ. 1899లో పుట్టింది. రాగి గనుల ఊళ్ల వైపు బడిలో చదువు చెప్పింది. భర్త శాసనసభ్యుడు. 1949లో ఆయన పోతే ఆ సీట్లో ఈవిడని కూర్చోబెట్టారు. మన దగ్గర సానుభూతి సీటు అంటాం చూడండి, ఆ బాపతే. కూర్చోబెట్టినవాళ్లు ఏమనుకున్నారో గానీ ఆవిడ 1994లో ఓడిపోయేదాకా లేవలేదు. అప్పటికి వయసు 95. చనిపోయింది 2003లో, 104 ఏళ్లకి. భవనం తెరిచింది ఆ తర్వాత 2008లో.

రోడ్లు, గనులు అందరూ అడుగుతారు. ఈవిడ లైబ్రరీలకీ, మ్యూజియంలకీ, పాత కాగితాలకీ డబ్బులు అడిగేదట. ఓట్లు రాలని పని. అందుకే ఆ పేరు అక్కడ అతికింది అనిపిస్తుంది నాకు. గవర్నర్ పేరో ప్రెసిడెంట్ పేరో పెట్టి ఉంటే మామకి నేను ఈ కథ చెప్పేవాణ్ణే కాదు.

చార్మినార్ చాయ్ · సోమవారం రాత్రి 11:10

దీనికి ఇంత ఆలోచనెందుకు భాయ్? సాలార్‌జంగ్. మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీ ఖాన్. మ్యూజియం ఆయన మనవడిది, కలిపేసుకోకండి.

1853ల నిజాంకు దివాన్, అంటే ప్రధానమంత్రి అయినప్పుడు ఆయనకు 24 ఏండ్లు. బేరార్ అప్పుడే ఇంగ్లీషోళ్ల చేతికి పోయింది, ఖజానా ఖాళీ. లెక్కలు చూద్దామంటే లెక్కలు సర్కారు దగ్గర లేవు! దఫ్తర్‌దార్ల, అంటే రికార్డులు చూసే ఖాందాన్ల ఇండ్లల్ల ఉన్నయి. దఫ్తర్-ఎ-దివానీ ఒక ఖాందాన్ చేతుల, దఫ్తర్-ఎ-మాల్ ఇంకో ఖాందాన్ చేతుల, తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి. ఎవరికి ఎంత జాగీరు, ఏ పరగణా మీద ఎంత వసూలు అని తెలవాలంటే దివానైనా సరే వాళ్లను అడగాలె. మాల్ దఫ్తర్ చూసినోళ్లకు మాల్‌వాలా అనే ఇంటిపేరే పడ్డది. చార్మినార్ దగ్గర మాల్‌వాలా దేవిడీ ఉండె, చెక్క స్తంభాలు, చెక్కుడు పనితోని. 2000ల చాలా మట్టుకు కూలగొట్టిన్రు. మా అబ్బాజాన్ నన్ను స్కూటర్ ముందర నిలవెట్టి దాని ముందు నుంచి తీసుకపోయేటోడు.

సాలార్‌జంగ్ ఆ కాయితాలను ఇండ్లల్లకెళ్లి సర్కారు కిందికి తెచ్చిండు. తార్నాక బిల్డింగుకు పునాది అదే గదా. జిలాబందీ (జిల్లాల ఏర్పాటు), రెవెన్యూ, అదాలత్ అన్నీ తర్వాతి సంగతి, ముందుగాల చిట్టా చేతికి రావాలె.

గోదారి గట్టు · మంగళవారం ఉదయం 7:05

సాలార్‌జంగ్ గారి మీద నాకు గౌరవమేనండి. కానీ ఆయనకి పేర్లు తక్కువయ్యాయా? మ్యూజియం ఆ ఇంటిపేరు మీదే, కాలనీ ఉంది, ఇంకెందుకు. పైగా ఆయన దివాన్. కాగితం మోసినవాడు కాదు.

నా ఓటు కావలి బొర్రయ్యకి. కుర్రాళ్లు ఎంతమంది విన్నారో తెలీదు. మనం మెకంజీ కైఫియత్తులు (ఊళ్ల చరిత్రలు) అంటూంటాం కదా, ఆ మెకంజీ దొర 1815లో హిందూదేశం మొత్తానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఊరూరూ తిరిగి కరణాల దగ్గర కూర్చుని, తాటాకులు విప్పించి, శాసనాలు చదివించి, రాసుకొచ్చింది కావలి సోదరులూ వాళ్ల మనుషులూ. పెద్దాయన బొర్రయ్య 1803లోనే పోయాడు, కుర్రతనంలోనే. మిగతా వాళ్లు కొనసాగించారు. సంపుటాల మీద పేరు మాత్రం మెకంజీది. కుంపెనీ జీతగాడైనా ప్రభుత్వోద్యోగే కదండీ.

అన్నట్టు మా కోస్తా వాళ్ల పాత కాగితాలు సగం తార్నాకలో దొరకవు. గోదావరి జిల్లా, కృష్ణా జిల్లా కలెక్టరేటు పాతవి చూడాలంటే మద్రాసు ఎగ్మూరు వెళ్లాలి. ఎర్రటి భవనం, చాలా బాగుంటుంది. దానికీ ఎవరి పేరూ లేదు.

భూమి కేసులు · మంగళవారం ఉదయం 10:30

కోర్టు హాల్లో కూర్చుని రాస్తున్నా, మన కేసు పిలిస్తే మధ్యలో ఆపేస్తా.

పేరు ఎవరిదైనా పెట్టండి. నాకు కావలసింది కాటలాగు. సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, చెసాలా, ముంతఖబు, అన్నీ భూమి ఎవరిదో చెప్పే పాత రెవెన్యూ రికార్డులు. హైదరాబాద్ చుట్టుపక్కల ఏ భూమి దావాలో అయినా చివరికి అందరూ ఈ నాలుగు కాగితాల చుట్టూనే తిరుగుతారు. ఎకరం కోట్లు పలుకుతున్న చోట ఒక పహాణీ పేజీ పోయిందంటే అర్థం ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఒక ఆఫీసులో (ఏదని అడగొద్దు) నేను అడిగిన రిజిస్టరులో సరిగ్గా నాకు కావలసిన నాలుగు ఆకులే చెదలు తినేసిందన్నారు. అటు పక్కవి, ఇటు పక్కవి భేషుగ్గా ఉన్నాయి. చెదపురుగులకు సర్వే నంబర్లు చదవడం వచ్చు మరి.

కేంద్రానికి 1993లో పబ్లిక్ రికార్డుల చట్టం వచ్చింది. రికార్డును చట్టవిరుద్ధంగా నాశనం చేస్తే ఐదేళ్ల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. అది కేంద్ర ప్రభుత్వ రికార్డులకు. ఆ చట్టం కింద జైలుకెళ్లినవాడిని ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు.

ఓయూ హాస్టల్ అమ్మాయి · మంగళవారం మధ్యాహ్నం 1:15

నేను పీహెచ్‌డీ పని మీద ఆ రీడింగ్ హాల్‌ల రెండేండ్ల సంది కూర్చుంటున్న. మీరు చెప్పిన పేర్లన్నీ బాగున్నయి గని ఎవరూ ఎస్.ఆర్. శంకరన్ సారును తలుచుకోలేదేంది? పబ్లిక్ సర్వెంట్ అంటే ముందు గుర్తొచ్చేది ఆ సారే గదా. మా అమ్మ సోషల్ వెల్ఫేర్ హాస్టల్‌ల చదువుకున్నది. 1976ల వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చినంక దాన్ని ఊర్లల్ల నిజంగ అమలు చేపియ్యాలని పట్టుబట్టిన ఆఫీసర్ ఆయన. పెండ్లి చేసుకోలే, ఆస్తి పెట్టుకోలే.

రిటైర్డ్ బస్తా · మంగళవారం సాయంత్రం 6:50

అమ్మా, శంకరన్ గారి మాట ఎత్తావు కనుక రాయక తప్పలేదు. ఆయన పద్మభూషణ్ ఇస్తామంటేనే వద్దన్న మనిషి. బ్రతికుండగా ఎవరైనా భవనానికి పేరు అని అడిగి ఉంటే తలుపు వేసుకునేవారు.

నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు రికార్డుల పని చేసి దిగాను. ఎక్కడ అన్నది వదిలేయండి. మీరంతా దివాన్ల గురించీ ఆఫీసర్ల గురించీ మాట్లాడుతున్నారు, నాకు కళ్ల ముందు మెదిలేది బస్తా. తెలియని వాళ్లకి చెబుతాను. పాత మిసళ్లను (ఫైళ్లను) అడ్డంగా పేర్చి, కింద పైన అట్ట పెట్టి, నాలుగు కొసల ముతక గుడ్డలో ముడి వేస్తాం. అదీ బస్తా. ఎర్ర గుడ్డ అయితే రంగు దిగి కాగితానికి అంటుతుంది, అందుకని తెల్లదో ఖాకీదో వాడాలి. ముడి మరీ బిగిస్తే అంచులు విరుగుతాయి, వదులుగా వేస్తే దుమ్ము దూరుతుంది. ఈ ముడి వేయడం నాకు నేర్పినాయన అటెండరు, నాలుగో తరగతి ఉద్యోగి. ఉర్దూ చదవడం రాదు, కానీ గుడ్డ మీద మరకను చూసి అది ఏ ర్యాకుదో చెప్పేవాడు.

బూజు పట్టిన కాగితానికి వాము పువ్వు పొగ పెట్టేవాళ్లం. మీ ఇంట్లో కడుపునొప్పికి వాడే వాము పువ్వే, థైమాల్. బీరువా లాంటి పెట్టెలో జల్లి అరల మీద కాగితాలు విడివిడిగా పరిచి, అడుగున ఒక బల్బు, దాని మీద చిన్న పళ్లెంలో పలుకులు. తలుపు మూసి రోజుల తరబడి అలా ఉంచాలి. మా ఆవిడ నేను ఇంటికి రాగానే వాసన చూసి, ఈరోజు పొగ పెట్టారా అని అడిగేది. చిరిగిన వాటికి మైదా జిగురు, అందులో చిటికెడు మైలుతుత్తం, పైన పల్చటి టిష్యూ కాగితం. కొన్నేళ్లు ఎసిటేట్ రేకు పరిచి, ఎసిటోన్‌లో ముంచిన దూదితో చేత్తోనే అతికించాం. అప్పుడు అదే గొప్ప పద్ధతి. ఆ రేకుల్లో కొన్ని ఇప్పుడు పసుపెక్కి బిర్రుగా అయ్యాయని విన్నాను. మేం చేసిన మంచి కూడా కొంత ఇలాగే తేలింది.

ఇక సియాఖ్. మొగలాయీ లెక్కల కాగితంలో అంకెలు కనబడవు. అరబ్బీ అంకెల పేర్లను కుదించి కుదించి గీతలు చేశారు, చూడ్డానికి పిచ్చుక కాళ్ల ముద్రలు. పైగా రాత శికస్తా, కలం ఎత్తకుండా పరిగెత్తించిన రాత. షాజహాన్, ఔరంగజేబు కాలానివి లక్షన్నర కాగితాలున్నాయి అక్కడ. చదవగలిగినవాళ్లు రాష్ట్రం మొత్తం మీద ఎంతమంది మిగిలారో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.

చార్మినార్ చాయ్ · మంగళవారం రాత్రి 8:20

పెద్దసారూ సలాం. మా నానాకు సియాఖ్ వస్తుండె. నాకు రాదు. నేర్చుకోమని చెప్తే క్రికెట్‌కు పోయిన.

సరే, దివాన్ వద్దంటే యూసుఫ్ హుసేన్ ఖాన్ పేరు పెట్టండి. ఉస్మానియాల చరిత్ర చెప్పిండు. సారు చెప్పిన ఆ షాజహాన్ కాయితాలల్లకెళ్లి ఏరి, చదివి, 1950ల పుస్తకంగ అచ్చేయించిండు. లక్షన్నర కాయితాల గురించి ఇయ్యాల లోకానికి తెలుసంటే అందుల ఆయన పాలు ఉన్నది. రాష్ట్రపతి జాకిర్ హుసేన్‌కు తమ్ముడు గూడ.

గోదారి గట్టు · మంగళవారం రాత్రి 8:45

ఆ లెక్కన వి.కె. బావా గారు కూడా లైనులో ఉంటారండి. ఐఏఎస్, స్టేట్ ఆర్కైవ్స్‌కి డైరెక్టరుగా చేశారు, మొదటి సాలార్‌జంగ్ మీదే పుస్తకం రాశారు. ఫైలు మీద సంతకం పెట్టడమూ, పాత ఫైలు చదవడమూ రెండూ వచ్చిన ఆఫీసర్లు మనకి ఎంతమంది?

రిటైర్డ్ బస్తా గారూ, పిచ్చుక కాళ్లు అన్నారే, అక్కడ కాసేపు ఆగిపోయానండి. మా తాత కరణీకం లెక్కలు గొలుసుకట్టులో రాసేవాడు. ఒక దస్త్రం ఇప్పటికీ అటక మీద ఉంది. ఇంట్లో ఒక్కరికీ చదవడం రాదు.

సైబర్ టవర్స్ చిన్నోడు · మంగళవారం రాత్రి 11:50

అన్నీ స్కాన్ చేసి పడేస్తే అయిపోతుంది కదా? ఈ రోజుల్లో బిల్డింగ్ ఎందుకు, పేరెందుకు, క్లౌడ్‌లో పెట్టండి.

ఓయూ హాస్టల్ అమ్మాయి · బుధవారం ఉదయం 8:10

చిన్నోడన్నా, స్కాన్ చెయ్యాలంటే ముందు కాయితం విప్పాలె. విప్పితే విరుగుతది. మరమ్మతు కావాలె, ఆరవెట్టాలె, వరుస తప్పకుండ నంబరెయ్యాలె. మొత్తం నాలుగు కోట్ల పైచిలుకు పత్రాలంటరు. ఇరాన్ వాళ్ల నూర్ మైక్రోఫిల్మ్ సెంటర్ మనుషులు వచ్చి ఆకు ఆకు బాగుచేస్తుంటే నేను చూసిన. మధ్యాహ్నం కొసకు బల్ల మీద ఎన్ని ఆకులు ఆరినయో లెక్కపెడితే నీకే సమజైతది. ఇంకొకటి, స్కాన్ చేసిన ఫైలుకు పేరు తప్పు పెడితే అది క్లౌడ్‌ల ఉన్నా పోయినట్టే. పారసీ కాయితానికి ఏం పేరు పెట్టాల్నో తెలవాలంటే చదవరావాలె.

భూమి కేసులు · బుధవారం ఉదయం 10:05

కాటలాగు అని నేను మొదటే అన్నాను.

ఫీనిక్స్ మేనల్లుడు · బుధవారం ఉదయం 10:40

ఒక్క మాట. పేరు పెట్టాలంటే మనిషి పోయి ఉండాలా? మిసిసిపీలో రాష్ట్ర రికార్డుల భవనానికి విలియం వింటర్ పేరు పెట్టారు. 1980 నుంచి 84 దాకా గవర్నర్. ఆ పదవి నాలుగేళ్లే, కానీ ఆర్కైవ్స్ బోర్డును దశాబ్దాలు నడిపాడు. భవనం తెరిచింది 2003లో, ఆయన పోయింది 2020లో. తన పేరున్న గుమ్మంలోంచి పదిహేడేళ్లు తిరిగే అవకాశం ఉన్న మనిషి. మొహమాటంగా ఉండేదేమో!

మోడరేటర్ · బుధవారం మధ్యాహ్నం 12:00

తెలుగు విశ్వవిద్యాలయం పేరు మార్పు మీద, పొట్టి శ్రీరాములు గారు, సురవరం ప్రతాపరెడ్డి గార్ల మీద వచ్చిన పదకొండు పోస్టులు వేరే చర్చకు తరలించాను. దయచేసి ఆ గొడవ అక్కడే పెట్టుకోండి.

చార్మినార్ చాయ్ · బుధవారం మధ్యాహ్నం 2:30

శ్రీనన్నా, మనమంతా పేర్ల మీద పడి నీ పని మరిచినం. ఆ చీటీ మీద 1301 తర్వాత ఏమన్న గుర్తు ఉన్నదా? మంచిగ చూడు. నువ్వు దాన్ని హిజ్రీ అనుకొని 1884 అన్నవు. నిజాం సర్కారు రెవెన్యూ కాయితాలల్ల ఎక్కువ ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం ఉంటది. 590 కలుపు.

సీతాఫల్‌మండి శ్రీను · బుధవారం మధ్యాహ్నం 3:15

ఉన్నది భాయ్! చివర్ల చిన్న సున్నాలెక్క, దాని మీద చుక్క, ఎడమకు సాగిన తోక. మరక అనుకున్న.

చార్మినార్ చాయ్ · బుధవారం మధ్యాహ్నం 3:18

అరే, అది ఫే! ఫసలీకి ఫే. హిజ్రీ అయితే రెండు కండ్ల హే ఉంటది. నీది 1891-92. ఏడెనిమిదేండ్లు ముందర వెతికినవు. 1884 సంది సర్కారు పని పారసీ నుంచి ఉర్దూలకు మారింది గనుక నీ కాయితం ఉర్దూల ఉంటది, అదృష్టవంతుడివి.

రిటైర్డ్ బస్తా · బుధవారం సాయంత్రం 5:40

సంవత్సరం ఒక్కటే చాలదు. చీటీలో ఉన్న నంబరు ముంతఖబుదా (ఇనాం ఖరారు పత్రం), మిసల్‌దా అని అడుగు. రెండింటికీ రిజిస్టర్లు వేరు. జిల్లా అప్పటి పేరు, తాలూకా అప్పటి పేరు రాసి పట్టుకెళ్లు. ఇప్పటి మండలం పేరు చెబితే ఎవరికీ తోచదు. పదకొండు లోపల వెళ్లు, భోజనం వేళకి ముందు బస్తా కిందికి దిగితే ఆరోజే చూడగలవు.

సీతాఫల్‌మండి శ్రీను · శనివారం రాత్రి 9:10

నిన్న మళ్ల పోయిన. దొరికింది.

అరచెయ్యి వెడల్పు ఎంట్రీ. రిజిస్టరు తీసినాయన ఆకు తిప్పేటప్పుడు వేలు కొసతోని కాదు, అరచెయ్యి మొత్తం కింద పెట్టి లేపిండు, నిద్రపోయే పిల్లను ఎత్తుకున్నట్టు. మా ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు ఉన్నయి. తండ్రి పేరు మా ఇంట్ల ఎవరికీ తెలవదు ఇన్నొద్దులు.

భూమి మాత్రం సగం జిల్లా కాదు. పది ఎకరాలు గూడ లేదు. ఇనాం ఎందుకిచ్చిన్రంటే, ఓయూ చెల్లె పక్క బల్ల మీదనే ఉండె, చదివిపెట్టింది, దస్త్‌బంద్ అని ఉన్నది. చెరువు కట్ట తెగితే పూడ్చాలె, తూము చూసుకోవాలె, అందుకు బదులు ఆ భూమి దున్నుకోవచ్చు.

ఓయూ హాస్టల్ అమ్మాయి · శనివారం రాత్రి 9:30

దశబంధం అంటరు గదన్నా తెలుగుల. ఇంకా రెండు వాక్యాలు నాకు అందలే, ఇంకు కారి కాయితం అటు దిక్కుకు తేలింది. ఏదో మరమ్మతు గురించే ఉన్నట్టున్నది.

గోదారి గట్టు · శనివారం రాత్రి 9:45

చెరువు ఇంకా ఉందా శ్రీనుగారూ?

సీతాఫల్‌మండి శ్రీను · శనివారం రాత్రి 9:52

ఉన్నదండి. ఒక మూలకు వెంచర్ రాళ్లు పాతిన్రు. మా బాబాయికి ఫోన్ చేసి జమీందారీ ముచ్చట చెప్పిన, అవతల చాన సేపు సప్పుడు లేదు. తర్వాత తూము ఎటు దిక్కున్నదో ఆయనకు తెలుసన్నడు.

రిటైర్డ్ బస్తా · శనివారం రాత్రి 10:20

ఆ రెండు వాక్యాలకి సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టు, కాపీ వచ్చాక ఆదివారం మా ఇంటికి రా. హబ్సిగూడలోనే ఉంటాను. నంబరు విడిగా పంపుతాను. భూతద్దం నా దగ్గర ఉంది, పగటి వెలుతురు ఉన్నప్పుడు రా. ఆ అమ్మాయిని కూడా తీసుకురా.